రెండొందల యూనిట్లు, ఒక సున్నం బస్తా

“అక్కా, పదమూడు యూనిట్లే కదా ఎక్కువ కాలింది. ఆ పదమూడింటికే పైసలు తీసుకుంటరనుకున్న.”

పోయిన మే నెల కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని మా పక్క పోర్షన్ చెల్లె అడిగిన మాట ఇది. నల్లగొండలో మేమిద్దరం ఒకే ఇంటి పైఅంతస్తులో అద్దెకుంటాం. వాళ్లాయన ఆటో నడుపుతాడు, ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. తెల్ల కార్డు ఉంది, సర్కారు ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి ఉంది. ఏడాదిలో తొమ్మిది పది నెలలు వాళ్లకు జీరో బిల్లే వస్తుంది. ఆ నెల మాత్రం మీటరు 213 చూపించింది.

ఆమెకు నేను చెప్పాల్సి వచ్చింది. గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా పైసా కట్టనక్కర్లేదు. ఒక్క యూనిట్ దాటినా ఆ నెల మొత్తం బిల్లు మనమే కట్టాలి. పైగా 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది: మొదటి రెండు వందల యూనిట్లకు యూనిట్‌కు 5.10 రూపాయలు, ఆ పైన మూడు వందల దాకా 7.70. ఆమె 213 యూనిట్లకు కరెంటు చార్జీయే 1,120 రూపాయలు. మిగతా చార్జీలు కలిపితే పన్నెండొందలు దాటింది. పదమూడు యూనిట్ల ఖరీదు పన్నెండొందలు. ఆ డబ్బుకు ఆమె ఎన్ని జాకెట్లు కుట్టాలో ఆమెకే తెలుసు.

ఆ రోజు సాయంత్రం ఇద్దరం కూర్చుని కాగితం మీద లెక్క వేశాం. నేను ప్రభుత్వ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. వాట్లు, గంటలు, యూనిట్లు పిల్లలకు ఏటా చెప్పేదే. కానీ పక్కింటి ఆమె బిల్లు మీద ఆ లెక్క వేయడం అదే మొదటిసారి. పాత ఫ్యాను ఒకటి 75 వాట్లు తింటుంది. రెండు ఫ్యాన్లు రోజుకు పద్దెనిమిదేసి గంటలు, కుట్టుమిషను దగ్గరి మూడో ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే నెలకు 99 యూనిట్లు. కూలరు రోజుకు పన్నెండు గంటలు నడిస్తే 65. చిన్న ఫ్రిజ్ ముప్పై దాకా. టీవీ, లైట్లు, మిషను మోటారు కలిపి ఓ ఇరవై. మొత్తం 214. మీటరు 213 అంది.

ఆ కాగితాన్ని చూస్తే ఆమె ఇంట్లో దుబారా ఎక్కడా కనబడలేదు. ఏసీ లేదు, గీజరు లేదు. కాలిన కరెంటులో నాలుగింట మూడు వంతులు ఒక్క పనికే పోయింది: నెత్తిమీది స్లాబు దింపుతున్న వేడిని తట్టుకోవడానికి. ప్రభుత్వం ఆ కరెంటును ఉచితంగా ఇస్తోంది. ఆ వేడిని దింపుతున్న స్లాబు సంగతి మాత్రం ఎవరూ అడగడం లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. మన సర్కారు ఇంటి ఇంధనం కోసం పెట్టే డబ్బంతా యూనిట్ల మీదా సిలిండర్ల మీదా పెడుతోంది. అందులో కొంతైనా ఇంటి కప్పు మీద పెట్టాలి.

స్లాబు కింద పడుకున్నవాళ్లకు దాని సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు. పడుకోనివాళ్లకు చెబుతాను. మధ్యాహ్నం పన్నెండింటికి పడిన ఎండ వెంటనే లోపలికి రాదు. కాంక్రీటు దాన్ని మెల్లగా తాగుతుంది. పై ముఖాన పడిన వేడి కింది ముఖానికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. అందుకే బయట గాలి చల్లబడి వీధిలో జనం తిరిగే వేళకు మా ఇంట్లో ఉక్కపోత మొదలవుతుంది. రాత్రి పదకొండింటికి గోడకు వీపు ఆనిస్తే చురుక్కుమంటుంది. ఫ్యాను వేస్తే కప్పు దగ్గరి వేడి గాలినే కిందికి తోస్తుంది. మా చిన్నప్పుడు సాయంత్రం కాగానే డాబా మీద బిందెలతో నీళ్లు చల్లేవాళ్లం. ఆవిరితో పాటు కమ్మటి మట్టి వాసన వచ్చేది. ఇప్పుడు మే నెలలో అన్ని నీళ్లు ఎక్కడివి? ట్యాంకరు వస్తే బిందెలు నింపుకోవడమే గొప్ప.

మా పెద్దమ్మది దేవరకొండ దగ్గర పల్లె. ఆమె ఇల్లు మట్టి మిద్దె. దూలాలు, వాసాలు, వాటి మీద కట్టెలు పరిచి, ఆ మీద మందంగా మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. వానాకాలం ముందు చౌడు మళ్లీ పరచాలి, లేకుంటే కురుస్తుంది. ఆ బాధ తక్కువది కాదు. ఒక వానకాలంలో ఒక మూల కూలింది కూడా. కానీ ఆ ఇంట్లో వేసవి మధ్యాహ్నం నేలమీద చాప వేసుకుని పడుకుంటే నిద్ర పట్టేది. పాలమూరు వైపు వెళ్తే బండలు పరిచిన కప్పులు, ఇంకో చోట గూన పెంకులు. ఒక్కో చోట దొరికే సరుకుతో వేడికి తట్టుకునే కప్పు వేసుకున్నారు. కూలుతుందని, తేళ్లొస్తాయని, పెళ్లి సంబంధాలు రావని వాటిని విప్పేశాం. విప్పడం తప్పని అనను. స్లాబు ఇల్లు గౌరవం, భద్రత. నా బాధ ఒక్కటే: మిద్దె మందాన్ని విప్పి పారేసినప్పుడు అది చేస్తున్న పని ఇప్పుడు ఎవరు చేయాలని ఎవరూ ఆలోచించలేదు. ఆ పని ఫ్యాను మీద పడింది, కూలరు మీద పడింది, చివరికి దామరచర్ల బొగ్గు మీద పడింది.

దామరచర్ల అంటే తెలియనివాళ్ల కోసం: మా నల్లగొండ జిల్లాలోనే, వీర్లపాలెం దగ్గర, యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఒక్కోటి 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. బొగ్గు కరెంటు ఒక్క యూనిట్ తయారవ్వాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు మండాలి. అంటే మా చెల్లె ఇంట్లో ఆ మూడు ఫ్యాన్ల 99 యూనిట్లకు డెబ్బై కిలోల బొగ్గు. కట్టెల పొయ్యి తీసేశాం కాబట్టి ఇంట్లో పొగ పోయిందనుకుంటాం. పొయ్యి జిల్లా చివరికి జరిగింది, అంతే. పొగగొట్టం ఎత్తు పెరిగింది.

మా తమ్ముడు ఇంగ్లండ్‌లో లీడ్స్‌లో ఉంటాడు. వాడితో మాట్లాడినప్పుడల్లా ఈ విషయమే వస్తుంది, తలకిందులుగా. అక్కడ బాధ చలి. ఎక్కువ ఇళ్లలో గ్యాసు బాయిలరు ఉంటుంది, అది నీళ్లు కాచి గదుల్లోని రేడియేటర్లకు పంపుతుంది. గ్యాసు బిల్లు కట్టలేక స్వెటర్ల మీద స్వెటర్లు వేసుకుని కూర్చునేవాళ్లు అక్కడా ఉన్నారు. ఆ బాయిలరు తీసేసి హీట్ పంప్ పెట్టుకునే ఇంటి యజమానికి అక్కడి ప్రభుత్వం 7,500 పౌండ్ల సాయం ఇస్తోంది. హీట్ పంప్ అంటే తిప్పి పెట్టిన ఏసీ లాంటిదే. బయటి గాలిలోని వేడిని పట్టి లోపలికి తెస్తుంది. ఒక యూనిట్ కరెంటు తిని మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది. నెదర్లాండ్స్‌లోనైతే 2018 జూలై నుంచి కొత్తగా కట్టే ఇళ్లకు గ్యాసు లైను ఇవ్వడమే మానేశారు.

నాకు వీటన్నిటికన్నా మనసులో నాటుకున్నది ఇంకో మాట. తమ్ముడు అద్దె ఇల్లు వెతికేటప్పుడు ప్రతి ఇంటి ప్రకటనలో ఒక అక్షరం ఉందట. ఆ ఇల్లు ఎంత ఇంధనం తింటుందో చెప్పే అక్షరం, ఏ నుంచి జీ వరకు. ఇంగ్లండ్‌లో ‘ఈ’ కన్నా కింది అక్షరం ఉన్న ఇంటిని మామూలుగా అద్దెకు ఇవ్వకూడదు. “అక్కా, మనకు ఫ్రిజ్ మీద స్టార్లున్నట్టు ఇక్కడ ఇంటి మీద ఉంటయి” అన్నాడు. ఆ రాత్రి నేను చాలాసేపు మా స్లాబు వైపు చూస్తూ పడుకున్నాను. మా ఇంటికి అక్షరం ఇస్తే ఏది వచ్చేదో నాకు తెలుసు.

అద్దె ఇంట్లో ఉన్న చిక్కు ఇది. కప్పు ఓనరుది, బిల్లు కిరాయిదారుది. స్లాబు మీద ఓనరు సారు పైసా పెట్టడు, ఆయనకు వేడి తెలియదు కనుక. కింది అంతస్తులో ఉంటాడు, ఆయన నెత్తిన మేమున్నాం. మేం పెట్టం, రేపు ఖాళీ చేయమంటే సున్నం గీక్కుపోలేం కనుక. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, ఏ ఊళ్లోనైనా పైఅంతస్తు పోర్షన్ కిరాయి కింది దానికన్నా తక్కువగానే చెబుతారు. ఎందుకు తక్కువో అందరికీ తెలుసు. వేడికి ధర కట్టడం మనకు తెలియనిదేమీ కాదు. ప్రభుత్వానికే ఆ లెక్క పట్టలేదు.

పట్టలేదని పూర్తిగా అనకూడదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2023 నుంచి 2028 దాకా అమలులో ఉండే విధానం అది. ఎండను తిప్పికొట్టే తెల్లని కప్పులు 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర ఉండాలని లక్ష్యం: హైదరాబాద్‌లో 200, మిగతా రాష్ట్రమంతా కలిపి 100. చదివినప్పుడు నిజంగా సంతోషపడ్డాను. మన రాష్ట్రం ఈ పని ముందుగా తలకెత్తుకున్నందుకు గర్వపడ్డాను. తర్వాత షరతుల దగ్గరికి వచ్చాను. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్ల విషయంలో 600 చదరపు గజాలు, ఆ పైన ఉన్న స్థలాలకు తప్పనిసరి. అంతకన్నా చిన్నవాళ్లకు ఇష్టమైతే చేసుకోవచ్చు.

ఆరు వందల గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్నాయన ఇంట్లో ఎన్ని ఏసీలు ఉంటాయి? ఆయన పడుకునే గదికీ కప్పుకూ మధ్య ఇంకో అంతస్తు ఉంటుంది కదా. మా వీధిలో ఇళ్లు నూరు గజాలవి, నూటయాభై గజాలవి. బస్తీలో అరవై గజాల్లో రేకులు వేసుకుని ఉన్నవాళ్లున్నారు. ఎండకు మొదట మాడేది ఆ రేకుల కింద ఉన్నవాళ్లు, విధానం చివరికి కూడా చేరనిది వాళ్ల దగ్గరికే.

దేశం మొత్తానికి ఉన్న నియమం కూడా ఇట్లాగే ఉంది. 2018లో కేంద్రం ఎకో నివాస్ సంహిత అని ఇళ్ల కోసం ఒక నియమావళి తెచ్చింది. కప్పు నుంచి వేడి ఎంతకు మించి దిగకూడదో అందులో అంకెతో సహా రాసి ఉంది. మనం వేసే వట్టి స్లాబు ఆ హద్దుకు రెట్టింపు కన్నా ఎక్కువ వేడిని లోపలికి వదులుతుంది. కానీ 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించినప్పుడు నివాస భవనాలను చట్టం కిందికి తెచ్చిన హద్దు నూరు కిలోవాట్ల లోడు. మా మీటరు మీద ఉన్నది రెండు కిలోవాట్లు. నూరు కిలోవాట్లంటే పెద్ద అపార్ట్‌మెంటు.

పేదవాళ్ల మీద నియమాల భారం వేయొద్దని ఈ హద్దులు పెట్టి ఉంటారు. ఆ ఉద్దేశం సరైనదే. చిన్న ఇల్లు కట్టుకునేవాడిని తెల్ల కప్పు వేయలేదని ఆఫీసుల చుట్టూ తిప్పితే నేనే ముందు కొట్లాడుతాను. కానీ నియమం నుంచి తప్పించినవాళ్లను సాయం నుంచి కూడా తప్పించారు. నాకు మింగుడుపడనిది అక్కడే.

2015 మే నెల నాకు బాగా గుర్తుంది. ఆ నెల వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే. తెలంగాణలో మృతుల లెక్కలు వచ్చిన ప్రతిసారీ నల్లగొండ జిల్లా పేరు ముందు వరుసలో ఉండేది. పేపరు వాళ్లు ఉపాధి కూలీల గురించి, గొర్లకాపరుల గురించి రాశారు. మా బడి దగ్గర చనిపోయిన ఒక ముసలాయన ఎండలోకే వెళ్లలేదు. రేకుల ఇంట్లో మంచంలో పడుకుని ఉన్నాడు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవాళ్ల కుటుంబానికి నాలుగు లక్షల పరిహారం ప్రకటించింది. ఇవ్వాల్సిందే. కానీ ఆ నాలుగు లక్షలతో ఎన్ని రేకుల కప్పులకు సున్నం వేయవచ్చో లెక్క కట్టిన రోజు నాకు అన్నం సహించలేదు.

సున్నం అంటే చాలామంది తేలిగ్గా చూస్తారు. అందుకే మా తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక పని చేయించాను. బడి వెనక పడి ఉన్న సిమెంటు రేకు ముక్కలు రెండు తీసుకుని, ఒకదానికి రెండు పూతలు సున్నం వేసి, రెండింటినీ ఇటుకల మీద పెట్టి, కింద ల్యాబు థర్మామీటర్లు ఉంచాం. మార్చి నెల, మధ్యాహ్నం రెండు గంటలు. రెండు అంకెల మధ్య నాలుగు డిగ్రీల తేడా వచ్చింది. ఒక పిల్ల థర్మామీటర్లు రెండూ అటూ ఇటూ మార్చి మళ్లీ చూసింది, పరికరం తప్పేమోనని. తేడా అట్లాగే ఉంది. ఆ పిల్లది రేకుల ఇల్లే. మరుసటి సోమవారం వచ్చి “మేడం, మా నాయిన ఏసిండు” అని చెప్పింది. నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఏ పరీక్షా ఫలితాలూ నాకు అంత తృప్తినివ్వలేదు.

ఇందులో మాయ లేదు. పాతబడి నల్లబారిన కాంక్రీటు తన మీద పడిన ఎండలో పావు వంతు, మూడో వంతు వెనక్కి పంపుతుంది, మిగిలింది తాగుతుంది. కొత్త సున్నం డెబ్బై, ఎనభై శాతం వెనక్కి పంపుతుంది. లోపలికి రాని వేడిని బయటికి నెట్టాల్సిన పనే లేదు.

అయినా దీని ఇబ్బందులు నాకు తెలుసు. ఉత్త సున్నం రెండు వానలకు కారిపోతుంది. జిగురు కలిపితే ఇంకొంత కాలం నిలుస్తుంది గానీ ఏడాదికో రెండేళ్లకో మళ్లీ వేయాల్సిందే. దుమ్ము పట్టి మాసిపోతే పని తగ్గుతుంది. వడియాలు పెట్టుకునే డాబా, మిరపకాయలు ఎండబోసే డాబా, తెల్లగా ఉంటే కళ్లు చెదురుతాయి, చీరకు అంటుకుంటుంది. నూరు శాతం నిజం. తెల్ల టైల్స్ ముక్కలు పరిచి అతికిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది, అంటుకోదు, కడిగితే మళ్లీ తెల్లబడుతుంది. దాని ఖర్చు ఎక్కువ. ఒకసారి పెట్టే ఆ ఖర్చే పేదింటికి చేత కాదు. సర్కారు చేయి వేయాల్సింది సరిగ్గా అక్కడ.

అందుకు ఇంతకన్నా మంచి సమయం రాదు. ఇందిరమ్మ ఇళ్లు కడుతున్నారు. ఇంటికి ఐదు లక్షలు, 400 నుంచి 600 చదరపు అడుగులు, పైన ఆర్‌సీసీ స్లాబు. మొదటి విడతలో నాలుగున్నర లక్షల ఇళ్లు. సగటున ఐదు వందల అడుగుల కప్పు అనుకుంటే, అన్నీ కలిపి 21 చదరపు కిలోమీటర్ల దాకా అవుతుంది. హైదరాబాద్ కాక మిగతా రాష్ట్రానికి కూల్ రూఫ్ లక్ష్యం 100 చదరపు కిలోమీటర్లు అని చెప్పాను కదా. అందులో ఐదో వంతు ప్రభుత్వం తన డబ్బుతో తానే కట్టిస్తున్న కప్పుల మీదే ఉంది! ఎవరినీ బతిమాలక్కర్లేదు, జరిమానా వేయక్కర్లేదు. పునాదికి, గోడలకు, స్లాబుకు విడతల వారీగా ఫోటోలు తీసి డబ్బు వేస్తున్నారు. ఆ వరుసలో తెల్ల కప్పుకు ఇంకో చిన్న విడత కలిపితే చాలు. ఇచ్చే ఐదు లక్షల్లోంచే చేసుకోమంటే మాత్రం అన్యాయం. ఆ డబ్బు ఇప్పటికే తలుపులకూ కిటికీలకూ చాలడం లేదని పల్లెల్లో ఏ ఇంటికి వెళ్లినా చెబుతారు. విడిగా ఇవ్వాలి. పూత పని ఊరి మహిళా సంఘాలకు అప్పజెబితే ఏటా చేతికి పని కూడా దొరుకుతుంది.

ఫ్యాన్ల సంగతీ ఇట్లాంటిదే, అయితే ఇందులో ఒక మెలిక ఉంది. కరెంటు తక్కువ తినే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలిని 30 వాట్లకు ఇస్తుంది. మా చెల్లె మూడు ఫ్యాన్లూ మారిస్తే నెలకు 99 యూనిట్లు కాస్తా 40 అవుతాయి. 213 నుంచి 154కు దిగుతుంది, కూలరు అట్లాగే నడుస్తూనే. పన్నెండొందల బిల్లు సున్నా అవుతుంది. “అట్లయితే మార్చేస్తా అక్కా” అంది. ధర అడిగింది. ఒక్కోటి రెండున్నర వేల పైన అని చెప్పాను. మాట్లాడలేదు.

తర్వాత నేను ఆలోచిస్తే తట్టింది. మిగతా పది నెలలూ ఆమెకు బిల్లు సున్నాయే. ఫ్యాను మార్చినా సున్నా, మార్చకున్నా సున్నా. ఆ పది నెలలు యూనిట్లు తగ్గితే లాభం ఎవరికి? ఆమె బిల్లు డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, కడుతున్న ప్రభుత్వానికి. బిల్లు కట్టేవాడికే పొదుపు లాభం వస్తున్నప్పుడు ఫ్యాను కొనాల్సింది కూడా బిల్లు కట్టేవాడే. గృహజ్యోతి ఇంటికి రెండు ఫ్యాన్లు ఇవ్వడాన్ని నేను దానం అనను. అది ప్రభుత్వం తన ఖర్చు తాను తగ్గించుకోవడం. ఏటా కట్టే డబ్బులో కొంత ముందే కడితే, తర్వాత ఏళ్ల తరబడి తక్కువ కట్టవచ్చు.

ఇది జరగనిదేమీ కాదు, బల్బుల విషయంలో కళ్లముందే జరిగింది. ఎల్ఈడీ బల్బు కొనుగోలు ధర 2014లో 310 రూపాయలుండేది. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ కోట్ల లెక్కన ఒకేసారి కొనడంతో 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ఇవాళ మారుమూల తండాలో కూడా పాత పసుపు బల్బు కనబడదు. అదే సంస్థ 2023 నవంబర్‌లో కోటి ఫ్యాన్ల కార్యక్రమం ప్రకటించింది. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని గృహజ్యోతికి ముడిపెట్టి, మా దక్షిణ డిస్కం పరిధి నుంచే మొదలుపెట్టమని నేను అడుగుతున్నాను. ఇక్కడి ఎండలు తక్కువవేమీ కావు.

ఉచిత కరెంటు తీసేయాలన్నది నా మాట కానే కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే పొదుపు గురించి మాట్లాడగానే “ఫ్రీలు ఆపాలి” అని అందుకునేవాళ్లు సిద్ధంగా ఉంటారు. మేలో ఫ్యాను ఆపుకుని పసిపిల్లను విసనకర్రతో విసురుతూ రాత్రంతా కూర్చున్న తల్లులను నేను చూశాను. వాళ్లకు ఆ రెండు వందల యూనిట్లు హక్కు. నేనడిగేది ఆ రెండు వందల యూనిట్లతో వాళ్లకు నిద్ర పట్టే ఇల్లు.

ఇంట్లో మంట సంగతి కూడా చెప్పాలి, అది తీరిపోయిందని అనుకుంటున్నాం కాబట్టి. 1999లో దీపం కింద, ఆ తర్వాత ఉజ్జ్వల కింద గ్యాసు పల్లెలకు వచ్చింది. 2024 నుంచి మహాలక్ష్మి కింద 500కే సిలిండరు అన్నారు. వంటింట్లో పొగ తగ్గింది, దాని విలువ ఊదుడు గొట్టం పట్టినవాళ్లకు తెలుసు. అయినా మా పెద్దమ్మ వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి ఆరలేదు. టీకి, కూరకు గ్యాసు. స్నానం నీళ్లకు పత్తికట్టె, సర్కారు తుమ్మ. ఎందుకే అంటే, “నీళ్లకు గ్యాసు కాల్చేంత ఉన్నోళ్లమా బిడ్డా” అంటుంది. సిలిండరుకు ముందు పూర్తి ధర కట్టాలి, సబ్సిడీ తర్వాత ఖాతాలో పడుతుంది. ఆ ముందు కట్టే డబ్బు దగ్గరే చాలామంది ఆగిపోతారు. మూడు రాళ్ల పొయ్యిలో మండిన కట్టె వేడిలో గిన్నెకు చేరేది పదో వంతో ఇంకాస్తో. మిగతాది గాలికి, పొగ కళ్లకు. మా దగ్గర ఏడాదిలో మూడు వందల రోజులు ఎండ కాస్తుంది, ఇరవై లీటర్ల స్నానం నీళ్లు కాగడానికి అర యూనిట్ కూడా పట్టదు. నల్లగొండ నీళ్లకు గీజరు రాడ్డు మీద తెల్లటి పెంకు కడుతుంది నిజమే, సోలార్ గొట్టాల్లోనూ కడుతుంది. అందుకే ఈ నీళ్లకు తట్టుకునే, సులువుగా విప్పి కడుక్కునే చిన్న సోలార్ హీటరు గురించి ఆలోచించాలి. పీఎం సూర్యఘర్ కింద కప్పు మీద పెట్టే మూడు కిలోవాట్ల సోలార్ కరెంటు ప్యానెళ్లకు 78 వేల సబ్సిడీ ఇస్తున్నారు. మంచిదే. కానీ మిగతా డబ్బు పెట్టుకోగలవాడికి, సొంత కప్పున్నవాడికి. పెద్దమ్మ వాకిట్లో కాగు కిందికి మాత్రం ఇంకా ఏ పథకమూ రాలేదు.

మా ఓనరు సారును నేను రెండేళ్లు అడిగాను. చివరికి ఈ ఫిబ్రవరిలో, ఖర్చు మా రెండు పోర్షన్ల వాళ్లం పెట్టుకుంటాం, మీరు ఒప్పుకుంటే చాలన్నాం. సున్నం, జిగురు, కూలి కలిపి రెండు వేలు దాటలేదు. మూడు పూతలు వేయించాం. ఈ ఏడు మేలో మా చెల్లె మీటరు 191 దగ్గర ఆగింది. కూలరు రాత్రి పూట ముందే ఆపేయగలిగారు, తేడా అక్కడ వచ్చింది. రీడింగు తీసే అబ్బాయి చీటీ ఇవ్వగానే ఆమె మెట్ల మీద నుంచే నాకు ఎత్తి చూపించింది.

పెద్దమ్మకు ఇందిరమ్మ ఇల్లు వచ్చింది. కూలిన మిద్దె పక్కనే కట్టారు. స్లాబు పోసిన వారానికి వెళ్తే పైన మట్టితో మడులు కట్టి నీళ్లు నిలిపారు, క్యూరింగ్ కోసం. నీళ్లు తీసేశాక సున్నం వేద్దాం, ఎన్ని కిలోలు పడుతుందని మేస్త్రిని అడిగాను. “స్లాబు మీద సున్నమెందుకు టీచరమ్మా, గోడలకేసుకోండ్రి. పైన ఎవలు చూస్తరు?” అన్నాడు. రేకు ముక్కల సంగతి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు, నాలుగు డిగ్రీలా అని రెండుసార్లు అడిగాడు. తనది కూడా స్లాబు ఇల్లేనట.

పెద్దమ్మ వేపచెట్టు కింద కూర్చుని అంతా వింటోంది. మిద్దెలో నుంచి బయటికి తెచ్చిన నులక మంచం చెట్టుకు ఆనించి ఉంది. వచ్చే ఆదివారం సున్నం బస్తా తెస్తానని చెప్పి లేచాను.

“తే బిడ్డా. ఎండకాలం రానీ, మంచం లోపలేస్తనో బయటేస్తనో అప్పుడు చెప్త నీకు” అంది.